శ్రీనాథుడి పద్యంలో ఉన్నది దుబారా కాదు, గుత్త

సంపాదకుడు గారికి,

తిరుపతిలో సాహిత్య సభ జరిగితే చాలు, శ్రీనాథుడి ‘కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా’ పద్యం ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. పాడటం బాగానే ఉంటుంది, చిక్కల్లా తర్వాత చెప్పే తాత్పర్యంతోనే. కనకాభిషేకం చేయించుకున్న మనిషి అంతా భోగాలకు తగలేసి ముసలితనంలో వీధిన పడ్డాడట, కాబట్టి పిల్లలు పొదుపు నేర్చుకోవాలట! పద్యంలో ఆ మాట ఎక్కడుంది?

ఇది చాటువు (జనం నోట నిలిచిన విడి పద్యం) కాబట్టి శ్రీనాథుడిదేనని తేల్చి చెప్పలేం, అది వేరే సంగతి. సీసంలోని నాలుగు పాదాల్లో ఉన్నది శిక్ష. ఎదురెండలో మెడకు పొగడదండ (శిక్షగా వేసే దండ), భుజాన నల్లగుండు (నల్లటి బండరాయి), కాళ్లకు సంకెళ్లు, ముంజేతికి వెదురుగొడియ (వెదురు బేడీ). చప్పట్లు పడేది ఇక్కడే. ఈ శిక్ష ఎందుకు పడిందో సీసం కింద వచ్చే చిన్న పద్యంలో, అంటే గీతంలో ఉంది, దాన్ని మనవాళ్లు గబగబా దాటేస్తారు. ‘కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము’ అంటే పంట వరదపాలు. ‘బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు’ అంటే మిగిలింది పిట్టలపాలు. బొడ్డుపల్లె అనే ఊళ్లో సాగుకు దిగి మోసపోయాను, ఏడు నూర్ల టంకాలు (ఆనాటి నాణేలు) ఎట్లా కట్టేది అని అడుగుతున్నాడాయన. పంట పోయినా కట్టాల్సిన గుత్త, అంటే కౌలు సొమ్ము, పోలేదు.

ఇది చిత్తూరు జిల్లాలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేల్చాల్సి వచ్చింది. కాయ ధర పడిందని తోట గుత్త తగ్గించే యజమాని ఎంతమందికి దొరుకుతాడు? వృద్ధులకు నెలకు 4 వేల పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, మంచిదే. ‘దినవెచ్చ మేరాజు తీర్పగలడు’ (రోజు ఖర్చు ఇక ఏ రాజు తీరుస్తాడు) అన్న ఇంకో చాటువుకు అది కొంత జవాబు. అప్పు మాత్రం దాంతో తీరదు. కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇమ్మన్న 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం, దానికి భూయజమాని సంతకం కావాలని మెలిక పెట్టింది. భూమి ఎక్కడ చేజారుతుందో అన్న టెన్షన్‌తో చాలామంది ఆ సంతకం పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు రుణం మాట ఎత్తడం కూడా కష్టమే.

ఏ పొలంలో ఏ పంట ఉందో రాసుకునే ఈ-క్రాప్ నమోదుకు పొలానికొచ్చే సిబ్బందికి అక్కడ సాగు చేస్తున్నది ఎవరో తెలియదా? ఆ నమోదునే ఆధారం చేసుకుని, సంతకంతో పని లేకుండా కార్డు ఇవ్వాలి. అధ్యాపకులకూ ఒక మనవి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఈ పద్యం చెప్పేటప్పుడు కింది గీతంతో మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
తిరుపతి