రాళ్లు కాదు, పడవ ఆగే ఒడ్డు కావాలి: ఉప్పాడ నుంచి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఒక చేపల వేట కుటుంబంలో పుట్టి, ఇక్కడే బతుకుతున్నదాన్ని. మా వాళ్లు ఇచ్చిన అర్జీలన్నిటికీ రసీదులు ఉన్నాయి, జవాబే లేదు. అందుకే ఇలా అందరి ముందు రాస్తున్నాను.

మా ఒడ్డును సముద్రం తినేస్తున్న కోత గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఉత్తరంగా మా ఒడ్డుకు రావాల్సిన ఇసుక కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అనే దీవి దగ్గరే ఆగిపోతోందని నిపుణులు ఏనాటినుంచో అంటున్నారు. ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో జియోట్యూబ్ గోడ కట్టారు, అది చిరిగి చెదిరిపోయింది. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు కాకినాడ బీచ్ రోడ్డు మళ్లీ తెగింది. మాయాపట్నం, సూరాడపేటల్లో పట్టా కాగితాలు పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి, ఆ స్థలాలు మాత్రం నీళ్లలో ఉన్నాయి.

ఇవన్నీ మీ ఫైళ్లలో ఉన్నవే. అక్కడ కనిపించనిది ఒకటుంది. తుపాను పోయిన ప్రతిసారీ లారీల్లో రాళ్లు తెచ్చి పోస్తారు. రోడ్డు నిలుస్తుంది, సరే. మరి పడవ ఎక్కడ ఆగాలండీ? ఫైబర్ బోటును ఒడ్డుకు లాగాలంటే ఇసుక ఉండాలి. కెరటం మీద వచ్చే బోటు రాయికి తగిలితే పగులుతుంది, ఇంజను పోతుంది, మనిషి కాలు విరుగుతుంది. వలలు రాళ్లకు పట్టి చిరిగిపోతాయి. బాగుచేసుకుందామన్నా పరుచుకునే చోటు లేదు. నెత్తళ్లు ఎండబెట్టుకుని పిల్లల్ని చదివించిన ఆడవాళ్లు ఇప్పుడు తారు రోడ్డు పక్కన, బస్సుల దుమ్ములో ఎండబెట్టుకుంటున్నారు. ఆ చేపకు ఏం ధర పలుకుతుంది? పైగా రాళ్లు అయిపోయిన చోట కోత ఇంకా ఎక్కువ, పక్క పేట వాళ్ల ఇళ్ల మీదికి వస్తోంది. అమావాస్య పోటు వచ్చిందంటే రాత్రంతా టెన్షనే.

సెలవు రోజుల్లో కార్లు ఆపి, రోడ్డు మీదికి ఎగిరే కెరటాలను ఫోటోలు తీసుకుంటారు. మా ఊరు అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. జాందానీ చీర కొనుక్కుని సంతోషంగా వెళ్తారు, వాళ్లను తప్పు పట్టను. కానీ వాళ్లు ఫోటో తీసుకునే ఆ చోటే ఒకరి వంటిల్లు ఉండేది.

ఇళ్లు పోయినవాళ్లకు దూరంగా స్థలాలిస్తామంటారు. తెల్లవారుజామున గాలి ఎటు వీస్తోందో చూసి సముద్రంలోకి దిగే మనిషి, ఆటో కట్టించుకుని వేటకు వెళ్లగలడా? దయచేసి మమ్మల్ని సముద్రం నుంచి దూరం చేయకండి. కడతామంటున్న రక్షణ గోడ ప్లాను మా ఊళ్లోనే, తెలుగులో, మా పెద్దల ముందు పెట్టండి. పడవలు ఎక్కే దారి ఎక్కడ వదిలారో చూపించండి. కోతకు పోయిన ఇళ్లకు ఒడ్డుకు నడిచిపోయే దూరంలో స్థలాలివ్వండి.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా బోట్లన్నీ ఒడ్డున పెట్టుకోవాలి. ఏ ఒడ్డున పెట్టుకోవాలో ఆలోపు చెప్పండి సార్.

ఇట్లు,
ఉప్పాడ మత్స్యకార కుటుంబం ఆడపడుచు