సర్వర్ల దొడ్డి తలుపు గురించి కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడైనా ఆస్పత్రిలోనో ఆఫీసులోనో కంప్యూటర్లు లాక్ అయ్యాయంటే, ఎవరో ఏదో మెయిల్ నొక్కారని, యాంటీవైరస్ లేదని పేపర్లో వస్తుంది. నిజమే కావచ్చు. పదిహేనేళ్లుగా సర్వర్లు చూసుకుంటున్న నాకు మాత్రం ఇంకో దారి గురించే ఎక్కువ టెన్షన్.

సర్వర్ బోర్డు మీద బీఎంసీ అని ఇంకో బుల్లి కంప్యూటర్ ఉంటుంది. డెల్‌లో ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీలో ఐలో. సర్వర్ ఆపేసినా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ అది మేలుకునే ఉంటుంది, అర్ధరాత్రి సర్వర్ హ్యాంగైతే బండేసుకుని పోకుండా ఇంట్లోంచే ఆపి, ఆన్ చేసి, అవసరమైతే విండోస్ కూడా మళ్లీ ఎక్కించొచ్చు. దొంగ చేతికి దొరికితే వాడూ ఇవన్నీ చేయగలడు. పైగా బీఎంసీలోనే తిష్ట వేస్తే హార్డ్‌డిస్కు మార్చినా వదలడు.

దీని పోర్టులు, అంటే నెట్‌వర్క్‌లో దీనికున్న తలుపుల నంబర్లు, బయటకు కనపడకూడదు: ఐపీఎంఐకి (బీఎంసీతో దూరం నుంచి మాట్లాడే ప్రమాణం) యూడీపీ 623, వెబ్ పేజీకి 443, స్క్రీన్ చూడ్డానికి చాలావాటిలో 5900, ఐలోలో అయితే 17990. వీటిలో 623 మరీ ఘోరం. 2004లో వచ్చిన ఐపీఎంఐ 2.0లో, సరైన యూజర్ పేరు చెప్తే చాలు, లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్, అంటే పాస్‌వర్డ్‌ను గిలక్కొట్టిన రూపం, అడిగినవాడికి వెళ్లిపోతుంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా విప్పుకోవచ్చు. 2013లోనే ఈ గొడవంతా బయటపడింది, కానీ లోపం ప్రమాణంలోనే ఉంది కాబట్టి ప్యాచ్ వేస్తే పోయేది కాదు.

మొన్నామధ్య తెలిసినవాళ్ల ఆస్పత్రికి వెళ్లాను. సర్వర్ వెనకాల ఐపీఎంఐ పోర్టుకు, అంటే బీఎంసీ వైరు పెట్టే సాకెట్‌కు, ప్లాస్టిక్ మూత కూడా తీయలేదు. "మేం అది వాడట్లేదు సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. బోర్డేమో ఫెయిలోవర్ మోడ్‌లో ఉంది, అంటే సొంత పోర్టులో వైరు లేకపోతే బీఎంసీ పక్కనున్న ల్యాన్ పోర్టు ఎక్కేస్తుంది. ఆ వైరు నేరుగా ఇంటర్నెట్ లైన్ రూటర్‌కి పోతోంది, బీఎంసీ దాన్నుంచి ఎంచక్కా ఓ పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా చేరుకోగల అడ్రస్, తీసేసుకుని కూర్చుంది. నా ఫోన్లో మొబైల్ డేటా మీద ఆ ఐపీ కొడితే లాగిన్ పేజీ వచ్చింది. కుర్రాణ్ణే టైప్ చేయమన్నాను, ఫ్యాక్టరీ పాస్‌వర్డే పడింది. అతను మాట్లాడకుండా ఆ వైరు పీకేశాడు, నిమిషంలో ఓపీ కౌంటర్ నుంచి ఫోన్!

2023 జూన్‌లో అమెరికా తన ప్రభుత్వ శాఖలకు ఆర్డరేసింది: ఇలాంటివి ఇంటర్నెట్‌లో కనపడితే 14 రోజుల్లో తీసేయాలి, లేదా గట్టి కాపలా వెనక పెట్టాలి. మన దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో, దాడి తెలిసిన 6 గంటల్లో చెప్పమంది. మంచిదే, కానీ అది దొంగలు పడ్డాక సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఆస్పత్రులకు, కాలేజీలకు సర్వర్లు కొనే టెండర్లలో ర్యామ్ ఎంత, కోర్లెన్ని అని రాసేచోటే, బీఎంసీ మేనేజ్‌మెంట్ పోర్టు వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చి అప్పగించాలని ఒక్క వాక్యం చేర్చమనండి. మీ విలేకరులు కూడా ఈసారి ఎక్కడైనా సర్వర్లు లాక్ అయినప్పుడు, 623 బయటకు తెరిచి ఉందా అని అడగాలి.

ఆ ఆస్పత్రిలో ఆ సాయంత్రమే ఫెయిలోవర్ తీసి డెడికేటెడ్‌కి, అంటే బీఎంసీ సొంత పోర్టు మాత్రమే వాడేలా, మార్చాం. పావుగంట పట్టింది, అందులో పది నిమిషాలు సరైన వైరు వెతకడానికే.

- ఒక సిస్టమ్ అడ్మిన్, విజయవాడ