కుక్కని దించడానికి కాస్త గట్టు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పడవల్లో కాపురం ఉండే జంటల గురించి వచ్చిన కథనం, దాని మీద తర్వాత పాఠకులు రాసిన ఉత్తరాలు అన్నీ ఆన్‌లైన్‌లో చదివాను. కథనంలో ఫొటోలన్నీ సూర్యాస్తమయాలూ, డెక్ మీద కాఫీ కప్పులూ. ఉత్తరాల్లో కొందరు ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అన్నారు, ఇంకొందరు నోరులేని జీవాల్ని తీసుకుపోయి నీళ్ల మధ్య బంధించడం పాపం అన్నారు. మేమిద్దరం ఏటా చలికాలం పడవలోనే గడుపుతాం, మాతో ఒక కుక్క, ఒక పిల్లి కూడా ఉంటాయి, కాబట్టి ఆ రెండు మాటలకీ జవాబు చెప్పాలనిపించింది. దాంతోపాటు మన కోస్తా గురించి ఒక విషయం అడగాలి. అసలు ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం అదే.

మాది వేటపాలెం వైపు. ఉద్యోగాల కోసం అమెరికా వచ్చి వర్జీనియాలో నార్‌ఫోక్ దగ్గర స్థిరపడ్డాం. పిల్లలు ఎవరిళ్లకి వాళ్లు వెళ్లాక మా ఆయన పాత తెరచాప పడవ ఒకటి కొన్నారు. ఇక్కడ అక్టోబరులో చలి మొదలవగానే ఉత్తరాది పడవలన్నీ దక్షిణానికి బయల్దేరతాయి, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో వెనక్కి వస్తాయి. హరికేన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆ నెలల్లో పడవని ఫ్లోరిడా వైపు ఉంచుతామంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోవు, అందుకే అందరూ దాదాపు ఒకే కాలంలో కదులుతారు.

మేం వెళ్లే దారి నడిసముద్రంలో ఉండదు. తీరాన్ని ఆనుకుని, దీవుల వెనకగా, నదులూ ఉప్పుటేర్లూ కలుపుకుంటూ, అవి కలవని చోట మనుషులు తవ్విన కాలవల మీదుగా సాగుతుంది. ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు. నార్‌ఫోక్ దగ్గర మైలు సున్నా, అక్కణ్ణుంచి మయామి దాకా దాదాపు 1,090 మైళ్లు. బయట సముద్రంలో, నార్త్ కరొలైనా తీరాన హాటరస్ అగ్రం దగ్గర ఇసుక మేటల మీద ఎక్కి పగిలిపోయిన ఓడలకి లెక్కలేదు. 1942లో జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచింది కూడా ఆ తీరంలోనే. లోపలి దారి విలువ ఏమిటో ఆ రోజుల్లో బాగా తెలిసొచ్చింది. దీని బాగోగులు చూసేది సైన్యంలోని ఇంజనీర్ల విభాగం. ఫ్లోరిడాలో ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగుల లోతు ఉండాలని నిర్ణయం, చాలాచోట్ల మేటేసి అంత ఉండదు, అయినా తవ్విస్తూనే ఉంటారు. టోల్ లేదు. లాకుల దగ్గర కూడా ఎవరూ పైసా అడగరు. కోట్ల ఖరీదు పడవైనా, మాలాంటి పాత పడవైనా లాకుల ముందు ఒకే వరసలో ఆగాలి.

పడవకి ఖర్చు అవుతుంది, కాదనను. ప్రైవేటు రేవులో కట్టుకుంటే పడవ పొడుగుని బట్టి అడుగుకింతని రాత్రికి అద్దె తీసుకుంటారు, వారం వరసగా అలా ఉంటే మాలాంటివాళ్లం తట్టుకోలేం. కాబట్టి లంగరేసుకుంటాం. లంగరుకి డబ్బు కట్టక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఎదురుగా గట్టు కనిపిస్తూనే ఉంటుంది గాని దిగడానికి చోటుండదు. మనుషులం ఎలాగో సర్దుకుంటాం. కుక్క సర్దుకోదు.

మా బుజ్జి ఇల్లు అనుకున్న చోట ఒక్క చుక్క కూడా పోయదు. పడవ దాని ఇల్లు. ముందు డెక్ మీద ప్లాస్టిక్ గడ్డి చాప పరిచాం, ఒడ్డు మీద వేరే కుక్కలు తిరిగిన చోట ఆ చాపని రుద్ది తెచ్చాం, ముక్కుతో వాసన చూసి దాని మీదే పడుకునేది తప్ప పని కానిచ్చేది కాదు. చాలా ఓపిక పట్టాక తుపాను గాలి రోజుల్లో మాత్రం ఒప్పుకుంటోంది. మిగతా రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చిన్న పడవ దించి ఒడ్డుకి తీసుకెళ్లాల్సిందే. దాంతో మా ప్రయాణం మొత్తం బుజ్జి అవసరాన్ని బట్టే నడుస్తుంది. ఎక్కడ ఆగాలి అని మ్యాపు ముందేసుకున్నప్పుడు లోతు, గాలి, అడుగున బురదా ఇసకా అన్నవి చూసుకోవడం ఒకెత్తు, కుక్కని దించడానికి దగ్గర్లో ప్రజలందరిదీ అయిన గట్టు ఉందా అన్నది ఒకెత్తు.

జార్జియాలో తెల్లవారుజామున ఇది ఎలా ఉంటుందో చెప్తాను. అక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీరు ఏడు నుంచి తొమ్మిది అడుగులు తేడా వస్తుంది. రాత్రి లంగరేసినప్పుడు గడ్డి మొదళ్ల దాకా ఉన్న నీరు పొద్దున్నకి పోయి, నల్లటి బురద గోడ మన తలకన్నా ఎత్తున నిలబడి ఉంటుంది. దాని మీద ఆల్చిప్పలు కత్తుల్లా అంచులు పైకి పెట్టుకుని ఉంటాయి, కుక్క కాలు పడిందంటే తెగుతుంది. బుజ్జికి లైఫ్ జాకెట్ వేస్తాం, వీపు మీద దానికి చేతిపిడి ఉంటుంది. నేను ఆ పిడి పట్టుకుని అందిస్తే మా ఆయన కింద చిన్న పడవలో నిలబడి అందుకుంటారు. మంచు పట్టి ఏమీ కనపడదు, బురద నుంచి కుళ్లిన గుడ్ల వాసన. ఆగి ఆగి ఎక్కడో ఒక కాంక్రీటు ర్యాంపు దొరుకుతుంది, చేపలవాళ్లు పడవలు దించుకోవడానికి కౌంటీ, అంటే అక్కడి జిల్లా ప్రభుత్వం, కట్టించింది. బుజ్జి దూకి దిగి, ఒళ్లు దులుపుకుని, మొట్టమొదటి చెట్టు దగ్గరకి పరిగెడుతుంది. ఆ ర్యాంపు లేకపోతే మరో గంట వెతుకులాట. ఇంకా దక్షిణానికి పోతే మొసళ్ల టెన్షన్ కూడా, చీకటి పడ్డాక నీళ్ల అంచుకి కుక్కని పోనివ్వం.

పిల్లి సంగతి వేరు. మల్లికి మట్టి డబ్బా, మా దుప్పటి, ఇంజను ఆగాక డెక్ మీద గంటసేపు షికారు ఉంటే చాలు. దాని విషయంలో మా భయమల్లా రాత్రిపూట నీళ్లలో పడుతుందేమోనని. పడవ పక్క నున్నగా ఉంటుంది, గోళ్లకి పట్టు దొరకదు. అందుకని రెండు వైపులా దళసరి తాడు నీళ్లలోకి వేలాడదీస్తాం, పడితే పట్టుకుని ఎక్కొచ్చు. సాయంత్రమయ్యాక తలుపులకి వలలు కడతాం.

మరి ఇది పాపమా? ఉత్తరాలు రాసినవారి కోపం నాకు అర్థమవుతుంది, నీళ్లంటే భయపడి వణికే జంతువుని లాక్కెళ్తే అది హింసే. కానీ మా బుజ్జి రోజంతా మేం కనపడే చోటే ఉంటుంది. ఊళ్లో ఉన్నప్పుడు మేం ఆఫీసులకి పోతే పొద్దస్తమానం తలుపు దగ్గర ఎదురుచూసిన కుక్క ఇది. ఎండ ఎక్కువైతే నీడ గుడ్డ కడతాం, మంచినీళ్లు మాకు తగ్గించుకునైనా దాని కాళ్లకి అంటిన ఉప్పు కడుగుతాం, రేబిస్ టీకా కాగితాలు మా పాస్‌పోర్టులున్న సంచీలోనే ఉంటాయి. బహామాస్ దాకా వెళ్లాలంటే రెండింటికీ ముందుగా పర్మిట్ తెప్పించుకోవాలి, పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి తిరిగొచ్చే కుక్కలకి కూడా ఆరు నెలలు నిండి ఉండాలి, చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాలి, ఫారం నింపాలి అని నియమాలు పెట్టారు. ఇవన్నీ విసుక్కోకుండా చేసేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

గట్టు విషయానికొస్తే, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చట్టం. వర్జీనియాలో ఒడ్డున స్థలం ఉన్నవారికి పాటు గీత దాకా సొంతం, అంటే నీరు తీసినప్పుడు బయటపడే బురద కూడా వాళ్లదే. నార్త్ కరొలైనాలో, ఫ్లోరిడాలో పోటు గీత దాకానే సొంతం, దాని కిందున్న తడి ఇసక ప్రజలది. ఒక అడుగు ఇటా అటా అన్నదాని మీద మా బుజ్జి దిగొచ్చా లేదా అన్నది తేలుతుంది. జాలర్లకీ, గాలం వేసుకునే పిల్లలకీ, ఊరికే నీళ్లు చూడాలని వచ్చిన ముసలివాళ్లకీ కూడా అంతే.

కొన్ని ఊళ్లు ఈ విషయంలో ఎంత పెద్ద మనసు చూపిస్తాయో చెప్పకపోతే అన్యాయం. డిస్మల్ స్వాంప్ కాలవ 1805లో తెరిచారు, తవ్వింది చాలావరకు బానిసలు, ఆ సంగతి తలుచుకుంటే ఆ టీ డికాక్షన్ రంగు నీళ్లలో పోతూ మాట్లాడబుద్ధి కాదు. ఆ కాలవ గట్టున నార్త్ కరొలైనా ప్రభుత్వం కట్టిన విశ్రాంతి కేంద్రానికి ఒక పక్క హైవే, ఇంకో పక్క కాలవ. లారీ డ్రైవర్లూ పడవలవాళ్లూ ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటారు, కుక్కలన్నీ ఒకే గడ్డిలో తిరుగుతాయి. దాని తర్వాత ఎలిజబెత్ సిటీ. అక్కడ 1983లో ఇద్దరు పెద్దమనుషులు, వచ్చిన పడవల్లోని ఆడవాళ్లకి తలా ఒక గులాబీ ఇచ్చి పలకరించడం మొదలుపెట్టారు, ఊరు ఊరంతా దాన్ని ఆనవాయితీ చేసుకుంది. జార్జియా దక్షిణ కొసన కంబర్లాండ్ దీవి ఉంది, అడవి గుర్రాలు తిరిగే జాతీయ తీరం. అక్కడికి పోయే ఫెర్రీలో కుక్కల్ని ఎక్కనివ్వరు గాని దీవి మీద తాడు కట్టి నడిపించుకోవచ్చు. బుజ్జికి అది కాశీయాత్ర.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఫ్లోరిడా. 2016లో మయామి బీచ్ దగ్గర కొన్ని చోట్లా, ఫోర్ట్ లాడర్‌డేల్‌లో మిడిల్ రివర్‌లో కొంత భాగంలోనూ రాత్రిపూట లంగరెయ్యకూడదని చట్టం చేశారు. నీళ్ల అంచున పెద్ద ఇళ్లున్నవాళ్లు కిటికీ ముందు పడవలు అడ్డమన్నారు. వాళ్ల ఫిర్యాదులో నిజం అసలు లేదనను. పాడుబడ్డ పడవల్ని వదిలేసి పోయేవాళ్లు, మరుగుదొడ్డి నీళ్లు అక్కడే వదిలేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల మీద ఎంత జరిమానా వేసినా తక్కువే. కానీ ఎవరో చేసిన తప్పుకి నీళ్లే మూసేస్తే ఎలా? కిటికీలోంచి కనిపించే నీరు కిటికీ యజమానిది అయిపోదు కదా.

ఇప్పుడు మన సంగతి. పెదగంజాం మా ఊరికి ఎంతో దూరం లేదు. కొమ్మమూరు కాలవ వచ్చి బకింగ్‌హాం కాలవలో కలిసేది అక్కడే. కాకినాడ కాలవ, ఏలూరు కాలవ, కొమ్మమూరు కాలవ, ఆ తర్వాత నెల్లూరు జిల్లా తీరం వెంబడి మద్రాసు దాటి మరక్కాణం దాకా, గోదావరి, కృష్ణలతో కలిపి, మనకీ తీరం వెంట లోపలి దారి ఒకటి ఉండేది. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ కాలవని 1876-78 కరువులో కూలికోసం వచ్చిన జనం చేత ఇంకా తవ్వించారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం దాని మీదే పోయేవి, గట్టు మీద మనుషులు నడుస్తూ తాడు కట్టి పడవల్ని లాగేవారు. 2004 సునామీ అలల్ని చాలాచోట్ల మింగి ఊళ్లని కాచింది కూడా ఆ కాలవే. రోడ్లూ రైళ్లూ వచ్చాక పూడిపోయింది. 2008లో ఈ మొత్తాన్ని 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు, 2016 చట్టంలో ఇంకా పొడిగించారు. పని మొదలైంది మాత్రం కృష్ణలో, ముక్త్యాల, విజయవాడల మధ్య.

నేను అడిగేది పూడిక తీయడం గురించి ఒక్కటే కాదు. జలమార్గం అనగానే సరుకు టెర్మినళ్లు, పెద్ద పడవలు, టన్నుల లెక్కలు వస్తాయి. రావాలి కూడా. మరి ఊరి రేవు? మన రేవులో దిగేది మా బుజ్జిలాంటి కుక్క ఒక్కటే కాదు. గేదెలు దిగుతాయి, బట్టలు ఉతుక్కుంటారు, వలలు కడుక్కుంటారు, నాటుపడవలు కట్టుకుంటారు. ఒక పక్క రొయ్యల చెరువుల గట్లు, ఇంకో పక్క సముద్రం వైపు రిసార్టుల ప్రహరీలు పెరుగుతున్నకొద్దీ నీళ్ల దగ్గరికి నడిచిపోయే దారులు సన్నబడుతున్నాయని ఊరొచ్చినప్పుడల్లా బంధువులు చెప్తున్నారు, నేనూ చూస్తున్నాను. ఒకసారి గోడ లేచాక దాన్ని తీయించడం ఎంత కష్టమో ఫ్లోరిడాలో చూశాం.

కాబట్టి మీకు నా విన్నపం. మీ విలేకరి ఒకరిని పెదగంజాం నుంచి కృష్ణపట్నం దాకా కాలవ గట్టు వెంట పంపించండి. ఏ ఊరికి రేవు మిగిలింది, ఏ ఊరిది కంచెలోకి పోయింది, రెవెన్యూ మ్యాపులో దారి ఉండి నేల మీద లేనిది ఎక్కడ, ఊళ్ల పేర్లతో సహా వేయండి. జలమార్గం ప్లాన్లలో ప్రతి ఊరికీ మెట్లతో, పశువులు దిగే వాలుతో ఒక రేవు రాసి పెట్టారా లేదా అధికారుల్ని అడిగి ఆ జవాబు కూడా అచ్చేయండి. ఫిబ్రవరిలో మేం వేటపాలెం వస్తున్నాం. మీ విలేకరి మా వైపు వచ్చేటట్టయితే మా ఆయన కూడా వెంట నడుస్తానంటున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నార్‌ఫోక్, వర్జీనియా