తమ్ముడి చేతిలోని ఆట గురించి, ఇంటి సంగతుల గురించి

టోక్యో

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. జలుబు పూర్తిగా తగ్గింది. అమ్మ చెప్పినట్టు మిరియాల కషాయం కాచుకునే తాగాను. ఆఫీసు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పని ఉంది, జీతం వేళకు వస్తోంది, తోటివారు మర్యాదగా ఉంటారు. పైకప్పు పెంకులకు డబ్బు పంపాను, అందిందో లేదో రాయండి. మన మేస్త్రీ రేపు మాపు అంటూ జరుపుతుంటే పాతపట్నం నుంచి వేరొకరిని పిలిపించండి. మొహమాటపడితే వానలన్నీ నడింట్లోనే కురుస్తాయి.

ఇక మీరు రాసిన విషయం. తమ్ముడు అన్నానికి పిలిచినా లేవడం లేదని, ఆ చిన్న పెట్టెను పుల్లతో గీకుతూ అరుగు మీదే ఉంటున్నాడని, పంపింది నేనే కాబట్టి నేనే బుద్ధి చెప్పాలని రాశారు. చెప్తాను, ఈ ఉత్తరంలోనే చెప్తాను. కానీ వాడి చేతిలో ఉన్నది ఏమిటో మీకు తెలియాలి నాన్నా. పుస్తకం తెరవకుండా మంచిచెడ్డలు పలకకూడదని మాకు నేర్పింది మీరే.

ఆ వీడియో ఆట పేరు ‘ద వరల్డ్ ఎండ్స్ విత్ యూ’. 2007 జూలై 27న జపానులో వచ్చింది. అమెరికాకు, ఐరోపాకు మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వెళ్ళింది. స్క్వేర్ ఎనిక్స్ అనే పెద్ద సంస్థ, క్యోటోలోని జూపిటర్ అనే మరో సంస్థతో కలిసి చేసింది. జూపిటర్ వారు 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆట యంత్రం కోసం కింగ్‌డమ్ హార్ట్స్ అనే ఆటల వరుసలో ఒకటి చేశారు. ఆ పని ముగిసే వేళకు నింటెండో డీఎస్, అంటే తమ్ముడి చేతిలో ఉన్న ఆ పెట్టె, కొత్త యంత్రం. దానికి తగిన ఆట ఒకటి కావాలని వారినే అడిగారు. తత్సుయా కాండో దర్శకుడు. పాత్రల రూపాలు తెత్సుయా నోమురా, గెన్ కోబయాషి గీశారు. సంగీతం తకెహారు ఇషిమోతో. సుమారు రెండేళ్ళ పని అది.

వాళ్ళకు ఎదురైన చిక్కు నాకు చాలా ఇష్టం. డీఎస్‌కు రెండు తెరలు ఉంటాయి. కింది తెరను పుల్లతో తాకవచ్చు, పైది చూడటానికే. తాకే తెర చేతిలో ఉంటే ఎవరి కళ్ళైనా అక్కడే ఉండిపోతాయి, పైతెర దండగ. మామూలుగా అయితే పైన ఒక పటం పెట్టి వదిలేసేవారు. వీళ్ళు అలా వదల్లేదు. యుద్ధాన్నే రెండు తెరల మీదా ఒకేసారి నడిపారు. కింద కథానాయకుడు నెకు, పైన అతని జోడీ. నెకును పుల్లతో ఆడించాలి, జోడీని బొత్తాలతో. ఇద్దరి మధ్యా వెలుగు బిళ్ళ ఒకటి అటూ ఇటూ చేతులు మారుతుంది. అది ఎవరి దగ్గర ఉంటే వారి దెబ్బకు బలం ఎక్కువ. ఇద్దరికీ ప్రాణం ఒక్కటే, ఒకరు దెబ్బ తింటే రెండోవారికీ తరుగుతుంది. మీరు హార్మోనియం ముందు కూర్చున్నప్పుడు కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద ఉంటాయి కదా, ఆ రెండు చేతుల పొందిక కుదిరితేనే ఈ ఆట కుదురుతుంది. తమ్ముడు మీ కొడుకు కాబట్టి వాడికి త్వరగానే వచ్చి ఉంటుంది.

అమ్మా, పెద్దత్తయ్య వాళ్ళ అమ్మాయి సంబంధం ఏమైంది? బరంపురం వాళ్ళు మళ్ళీ వచ్చారా? కట్నం మాట ఎత్తితే అక్కడితో ఆపేయమని అత్తయ్యకు చెప్పు. నేను చెప్పానని చెప్పు, నాకేమీ భయం లేదు.

నాన్నా, మీకు పనికొచ్చే సంగతి ఇది, తమ్ముడికి చదివి వినిపించండి. ఈ ఆటలో నెకు వాడే ఆయుధాలు చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జీలు. ఒకదానికి తెరపై గీత గీయాలి, ఒకదానికి గుండ్రంగా తిప్పాలి, ఒకదాన్ని తట్టాలి. యుద్ధాలు చేసేకొద్దీ అవి ఎదుగుతాయి. అయితే యంత్రం కట్టేసి పక్కన పెట్టినప్పుడు కూడా అవి ఎదుగుతాయి! ఆడకుండా ఉన్న కాలానికి కూడా ఫలితం రాసి పెట్టారు. అలాగే అందులో పాత్రలు తినే తిండికి రోజుకు 24 ముద్దలని పరిమితి. ఆటలోని రోజు కాదు, మన గడియారం రోజు. అది దాటితే మర్నాటి దాకా ముద్ద దిగదు. పిల్లవాడు తెరకు అతుక్కుపోకుండా, మధ్యలో లేచి వెళ్ళాలని చేసినవాళ్ళే ఆలోచించారని నా నమ్మకం. అందుకే వాడిని తిట్టి పెట్టె లాక్కోకండి. ‘మీ అక్క రాసింది, కట్టేసి పెట్టు, రేపు తెరిస్తే నీ బ్యాడ్జీలు పెద్దవవుతాయి’ అనండి. వింటాడు. ఎనిమిది గంటలకు కట్టేసి పుస్తకం ముందు కూర్చోవాలన్నది నా ఆజ్ఞ అని కూడా చెప్పండి.

కథ గురించి రాయకుండా ఉండలేను. నెకు పదిహేనేళ్ళ కుర్రవాడు. ఎవరి మాటా చెవిన పడకూడదని ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని తిరుగుతాడు. ఒకనాడు టోక్యోలోని షిబుయా కూడలి నడిబొడ్డున మేలుకుంటాడు. జనం పక్కనుంచే పోతుంటారు, ఎవరికీ అతను కనపడడు. చనిపోయినవారికి ఏడు రోజుల పోటీ పెట్టారు అక్కడ. గెలిస్తే తిరిగి బతికే అవకాశం, ఓడితే చెరిగిపోవడమే. జోడీ లేకుండా అందులో నిలవలేరు. మనుషులంటే గిట్టనివాడికి మనిషి తోడే ప్రాణం అయింది.

పోటీలో చేరేవారు తమకు అన్నిటికంటే విలువైనదాన్ని రుసుముగా కట్టాలి. వాళ్ళలో బీట్, రైమ్ అని అన్నాచెల్లెళ్ళు ఉన్నారు. వాళ్ళిద్దరూ రోడ్డు ప్రమాదంలో పోయినవారు. బీట్ కట్టిన రుసుము ఏమిటో తెలుసా నాన్నా? చెల్లెలి మనసులో తన గురించి ఉన్న జ్ఞాపకాలు. ఆ పిల్ల అతని పక్కనే నడుస్తూ ఇతను తన అన్న అని తెలియకుండా మాట్లాడుతుంటుంది. అతను చెప్పుకోలేడు. ఆ ఘట్టం దగ్గర నేను యంత్రం మూసి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. తమ్ముడిని వదిలి వచ్చేటప్పటికి వాడు నా భుజం దాకా కూడా లేడు. ఇప్పుడు ఫోనులో గొంతు మారిపోయింది. ‘ఆ, ఊ’ తప్ప మాట రాదు. ఈ ఆట పంపాక మాత్రం వాడే ఫోను చేసి, ఏ బ్యాడ్జీ ఎలా ఎదుగుతుందని, నెకు జోడీ అయిన షికి అనే అమ్మాయి అసలు ముఖం ఎందుకు అది కాదని గంటసేపు అడుగుతున్నాడు. అది వాడి సమయం పాడుచేసిందని మీరంటున్నారు. నాకు నా తమ్ముడిని ఇచ్చింది. కోపగించుకోకండి, ఉన్న మాట రాశాను.

అందులో ఇంగ్లీషు సంభాషణలు చాలా ఉంటాయి, మాటలు రాకపోతే కథ నడవదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, అరుగు మీద ఇంగ్లీషు. గిడుగువారు పాఠాలు చెప్పిన మన పర్లాకిమిడి పిల్లవాడికి మరో భాష బరువు కాదని మీరే అనేవారు. కానీ తెలుగు చదవడం తగ్గిందని రాశారు చూడండి, ఆ దిగులు నాకూ ఉంది. ఈ ఉత్తరం వాడి చేతనే పైకి చదివించండి.

నేను పనిచేసే చోటు షిబుయాకు దగ్గర. ఈ ఆటలోని వీధులన్నీ అక్కడివే. కూడలి, స్టేషను ముందున్న హచికో కుక్క విగ్రహం, పైన 109 అని ఉండే బట్టల భవనం. ఆటలో దాన్ని 104 అని మార్చారు. హచికో కథ మీకు నచ్చుతుంది. యజమాని 1925లో చనిపోతే 1935లో తాను పోయేదాకా అదే స్టేషనుకు వచ్చి ఎదురుచూసింది. ఆదివారాలు అక్కడికే వెళ్తుంటాను. ఇంత జనం కదులుతుంటారు, ఒక్కరూ తెలిసినవారు కారు. మొదట్లో మహేంద్రతనయ ఒడ్డున నిలబడి ఊరంతా పేరుపేరునా పలకరించడం గుర్తొచ్చి గొంతు పట్టేసేది. ఆట ఆడాక ఆ వీధులు కొంచెం నావయ్యాయి. ఇక్కడ నెకు పరుగెత్తాడు, ఇక్కడ రామెన్ దుకాణం ఉండాలి అనుకుంటూ నడుస్తాను. 2007 నాటి షిబుయా అందులో అలాగే ఉంది. బయట మాత్రం మారుతూనే ఉంది. నేలపైన ఆగే తోయోకో రైలు 2013లో భూగర్భానికి వెళ్ళింది. మియాషిత పార్కును పడగొట్టి 2020లో దుకాణాల మీద తోటగా కట్టారు. మన గుణుపురం చిన్న రైలు పెద్దదయ్యాక తాతయ్య పాత ఇంజను కూత కోసం చెవి ఒగ్గేవారు కదా, ఆయనకు నా మాట అర్థమయ్యేది.

నేను ఒంటరిగా ఏడుస్తున్నానని అమ్మ అనుకుంటుందేమో. లేదమ్మా. గదిలో బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, మామయ్య పంపిన చింతపండు ఇంకా అయిపోలేదు. పక్క గది ఆవిడ నవ్వుతూ పలకరిస్తుంది.

ఈ ఆటను లోకం ఎలా చూసిందో కూడా చెప్తాను, ఎందుకంటే ‘ఇది ఎవరికి తెలిసిన ఆట’ అని అడిగారు. విమర్శకులు బాగా మెచ్చారు. సమీక్షల సగటు లెక్కగట్టే మెటాక్రిటిక్‌లో 100కు 88 వచ్చింది. బొమ్మల తీరు, వీధి గోడల రాతల్లాంటి రంగులు, పాటలు, తాకే తెరను కథకు అల్లిన పద్ధతి అందరికీ నచ్చాయి. రెండు తెరలను ఒకేసారి చూడటం కష్టమని, మొదటి గంటలు గందరగోళమని కొందరన్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ పైతెరను కాసేపు వదిలేస్తే జోడీ తనంతట తానే పోరాడుతుంది, కష్టం ఎంత ఉండాలో మనమే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మన స్థాయిని మనమే తగ్గించుకుని ఆడితే మంచి బ్యాడ్జీలు దొరికే అవకాశం పెరుగుతుంది కూడా. ఇంత స్వేచ్ఛ ఇచ్చిన ఆటలు తక్కువ.

తర్వాత 2012లో ఐఫోనుకు, 2018లో నింటెండో వారి మరో యంత్రం స్విచ్‌కు మార్చారు. ఒక్కటే తెర కావడంతో జోడీని కిందికి దించి నెకు పక్కనే నిలబెట్టారు. ఆడటానికి తేలికే. నాకు మాత్రం పైన ఒకరు, కింద ఒకరు ఉండి ఒకే ప్రాణాన్ని పంచుకోవడంలోనే అందం కనిపిస్తుంది. అందుకే తమ్ముడికి వెతికి వెతికి పాత డీఎస్ కొన్నాను. రెండో కథ సరిగ్గా పద్నాలుగేళ్ళకు, 2021 జూలై 27న వచ్చింది. ఆడినవారు మెచ్చుకున్నా, అమ్మకాలు అనుకున్నంత లేవని ఆ సంస్థే చెప్పింది. చదివి బాధపడ్డాను. అంత ఓపికగా ఎదురుచూసినవాళ్ళ కోసం చేసిన పని అది. మన ఊళ్ళో కొమ్ముతో బొమ్మలు చెక్కేవారి వీధిలో ఇళ్ళు మూతపడుతున్నప్పుడు మీరు ఎంత బాధపడేవారో నాకు తెలుసు.

తమ్ముడు పెద్దయ్యాక ఆటలు చేస్తానంటున్నాడని రాశారు. చేయనివ్వండి నాన్నా. బొమ్మ గీసేవారు, కథ రాసేవారు, రాగం కట్టేవారు, లెక్కలు వేసేవారు అందరూ కావాలి ఆ పనికి. ముందు లెక్కలు బాగా చదవమనండి, దాంట్లో వాడికి వంక దొరకకుండా నేనే ఫోనులో అడుగుతాను. గజపతి కాలేజీలో సీటు వచ్చేదాకా మిగతా మాట ఎత్తవద్దు.

అమ్మా, నువ్వడిగిన రైస్ కుక్కరు ఇక్కడిది మన ఇంట్లో పనిచేయదు. జపానులో కరెంటు 100 వోల్టులు, మనకు 230. తెస్తే కాలిపోతుంది. విశాఖలోనే మంచిది కొనండి, డబ్బు వచ్చే నెల పంపుతాను. మోకాలికి నూనె రాయడం మానకు. రథయాత్రకు రాలేనేమో, సెలవు అడిగి చూస్తాను. పెంకుల సంగతి తప్పక రాయండి.

మీ అమ్మాయి