ఆ రాగి ఆకులకు చింతపండు రాయకురా

ప్రియమైన రఘూ,

నిన్న నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచీ నా ధ్యాసంతా ఆ కూజా మీదే ఉంది. పాత వెండి కూజా, దాని మీద రాగి ఆకులు, ఒక తూనీగ, పక్కన నల్లటి సొరకాయ. ఇంతవరకూ విని పొంగిపోయాను. "బాగా మసి పట్టింది, ఆదివారం కూర్చుని తోమేస్తాను" అన్నావు చూడు, గుండె జారిపోయింది. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకూ దాన్ని ముట్టుకోకు. రాగి కనిపిస్తే చాలు, చింతపండు నానబెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. మన బిందెలకు అది మంచిదే. ఇలాంటి కూజాను మాత్రం ఒక్క పూటలో పాడు చేస్తుంది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఆ నలుపు మసి కాదు, కావాలని తెప్పించిన రంగు. ఆ విద్య జపాన్‌ది. రాగిలో నూటికి నాలుగైదు పాళ్లు బంగారం కలిపితే వచ్చే లోహాన్ని వాళ్లు షకుదో అంటారు. పోత పోసినప్పుడు చూస్తే మామూలు రాగి అనే అనుకుంటావు. దానికి తురిమిన ముల్లంగి గుజ్జు పట్టించి, రాగి లవణాలు కలిపిన నీళ్లలో మరిగిస్తే నేరేడు పండు నలుపు వస్తుంది. అసలు అందం ఇప్పుడు చెబుతాను విను. అదే గిన్నెలో, అదే నీళ్లలో ఉత్త రాగి ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది. వెండీ రాగీ కలిసిన షిబుయిచి బూడిదరంగుకు వస్తుంది. బంగారం బంగారంగానే ఉంటుంది. కుంచె పట్టకుండానే నాలుగు రంగులు! ఏ లోహం ఎక్కడ పొదగాలో ముందే తెలిసిన చేతికి మాత్రమే సాధ్యమయ్యే పని.

మన బీదరు పనివాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. తుత్తునాగం ఎక్కువ, రాగి తక్కువ ఉన్న పోత మీద వెండి పొదిగి, కోట మట్టీ నవాసాగరమూ కలిపి పట్టిస్తే పోత నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. మీ తాతగారి బిద్రీ పాన్‌దాన్‌ను ఎవరైనా పీచు పెట్టి తోమారా? ఇదీ అంతే.

జపాన్‌లో ఈ పనంతా ఎక్కువగా కత్తుల మీద జరిగేది. పిడికీ అలుగుకూ మధ్య చేతికి అడ్డుగా ఉండే లోహపు బిళ్లను త్సుబా అంటారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ బిళ్ల మీద అలలు, కొంగలు, వెన్నెల, గడ్డిపోచ మీద పురుగు, అన్నీ ఉంటాయి. 1876లో సైనికులు, పోలీసులు వంటివారు తప్ప ఎవరూ కత్తి ధరించి తిరగకూడదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. తరతరాలుగా ఆ పనినే నమ్ముకున్న కుటుంబాల సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కత్తి నగిషీలో దిట్ట అయిన కానో నత్సువో వంటి మహానుభావుడికి అంతకుముందే కొత్త నాణేల నమూనాలు చెక్కే పని దొరికింది. చాలామంది విదేశీయుల కోసం కూజాలు, పెట్టెలు చేయడానికి మళ్లారు. అదే ఏడాది ఫిలడెల్ఫియా ప్రదర్శనలో అమెరికా జనం జపాన్ లోహపు పనిని కళ్లారా చూశారు.

నీ కూజా ఇలాంటి చోటే పుట్టి ఉంటుందని నా అనుమానం: న్యూయార్కులో పేరుమోసిన నగల సంస్థ టిఫనీ వెండి కార్ఖానాను నడిపిన ఎడ్వర్డ్ మూర్ అప్పటికే జపాన్ వస్తువులు సేకరిస్తున్నాడు. వాటిని అలమరలో పెట్టి దాచుకోలేదు, పనివాళ్ల ముందు పెట్టి నేర్చుకోమన్నాడు. ఈ ఒక్క గుణానికే ఆయనంటే నాకు ఎనలేని గౌరవం. 1878 పారిస్ ప్రదర్శనలో టిఫనీ వెండి సామానుకు అత్యున్నత బహుమతి వచ్చింది. 1891లో ఆయన పోయాక రెండు వేలకు పైగా వస్తువులు మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరాయి.

టిఫనీ చేసిందంతా జపాన్ పనికి అనుకరణే అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. కూజా ఆకారం అమెరికా భోజనబల్లది, దాని మీద ఉన్న చూపు జపాన్‌ది. నీ కూజాను కిటికీ పక్కన పెట్టి, వెలుతురు వారగా పడేలా చూడు. ఒళ్లంతా చిన్నచిన్న సుత్తి దెబ్బలు కనిపించాలి. అంతకుముందు పాశ్చాత్య వెండిపనిలో సుత్తి గుర్తు మిగిలిందంటే పని పూర్తి కాలేదనే అర్థం, నున్నగా చేసేవరకూ వదిలేవారు కాదు. మూర్ పనివాళ్లు ఆ గుర్తుల్ని ఉంచేశారు. ఆ గుంటల్లో వెలుగు కదులుతుంటే నీటి మీద తూనీగ వాలినట్టే ఉంటుంది. తూనీగ కూడా నట్టనడుమ ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. మిగతా చోటు ఖాళీ. ఆ ఖాళీని వదలడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు!

ఇంగ్లండులో ఆ రోజుల్లో అసలు వెండి మీద రాగి అతికిస్తే హాల్‌మార్కు ముద్ర దొరికేది కాదు, చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే అక్కడి జపాన్ తరహా వెండిలో చెక్కుడు, బంగారు పూత ఎక్కువ. 1876-77లో జపాన్ చుట్టివచ్చిన అక్కడి డిజైనరు క్రిస్టఫర్ డ్రెసర్ గీసిన టీపాత్రలు మరీ నిరాడంబరం, నగిషీ అన్నదే ఉండదు. వాటి గురించి ఇంకోసారి రాస్తాను, అది వేరే లోకం.

ఇక నువ్వు చేయాల్సింది. అడుగున ముద్ర ఫోటో తీసి పంపు. "స్టెర్లింగ్ సిల్వర్ అండ్ అదర్ మెటల్స్" అని ఉందా చూడు. టిఫనీ పేరుతో పాటు "ఎం" అనే అక్షరం ఉంటే అది మూర్ హయాంలోది. ప్రావిడెన్స్ ఊరి గోరం సంస్థ కూడా ఇలాంటివి చేసింది, అదైనా సంతోషమే. మెత్తటి పొడి నూలుగుడ్డతో దుమ్ము దులుపు, చాలు. ముంచి తీసే ద్రావణాలు, పొడులు, నిమ్మకాయ ఏవీ దగ్గరికి రానివ్వకు. ఒకసారి రంగు పోతే మళ్లీ తెప్పించడం మన వల్ల కాదు. చేతి చెమట తగలకుండా తొడుగులు వేసుకుని పట్టుకో.

డిసెంబరులో మీ న్యూజెర్సీకి వస్తున్నాను. ఒక రోజు ఖాళీగా ఉంచు, మెట్రోపాలిటన్‌కు వెళ్దాం. పిల్లల్నీ తీసుకురా, పురుగుల్ని వెతికే పని వాళ్లకు అప్పజెబుదాం. వదినగారికి నమస్కారాలు చెప్పు. ఫోటోలు ఈ రాత్రికే పంపించు, మర్చిపోకు.

నీ
మూర్తి