నీళ్లు పడిన లాప్‌టాప్‌కు పరీక్ష చేయకుండా, బ్యాటరీ తీయకుండా ఉంచి పూర్తిగా పాడుచేసినందుకు ఫిర్యాదు

పలాస-కాశీబుగ్గ,
శ్రీకాకుళం జిల్లా.

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ సర్వీస్ సెంటర్‌లో ఉండగానే నా లాప్‌టాప్ పూర్తిగా ఆగిపోవడం, డబ్బు కట్టి తీసుకున్న ప్లాన్ కింద క్లెయిమ్‌ను తిరస్కరించడం గురించి.

అయ్యా,

నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకు, కొన్ని హోల్‌సేల్ కిరాణా షాపులకు లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. మీ కంపెనీ లాప్‌టాప్ కొన్న రోజునే, ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి వర్తించే ప్లాన్ కూడా వేరే డబ్బు కట్టి తీసుకున్నాను. నీళ్లు, టీ లాంటివి ఒలికినా వర్తిస్తుందని ఆ కాగితం మొదటి పేజీలోనే రాసి ఉంది. రోజంతా నలుగురు వచ్చిపోయే ఆఫీసు కాబట్టే ఆ ప్లాన్ తీసుకున్నాను. ఈ రోజు ఆ లాప్‌టాప్ నా బల్ల మీద ఒక్క లైటు కూడా వెలగకుండా పడి ఉంది. మీ చేతికి ఇచ్చినప్పుడు అది ఆన్ అయ్యేది. నీళ్లు చేసిన నష్టం కొంతే. మిగతాది మీ దగ్గర జరిగింది.

ఆ రోజు ఒక క్లయింట్ బిల్లుల కట్ట తెచ్చి బల్ల మీద పెడుతుంటే అది తగిలి మంచినీళ్ల గ్లాసు కీబోర్డు మీద బోర్లా పడింది. వెంటనే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను, చార్జర్ పీకేశాను, మూత తెరిచి తలకిందులుగా పెట్టి నీరు కారనిచ్చాను. హెయిర్ డ్రయర్ పెట్టలేదు, బియ్యం డబ్బాలో పెట్టలేదు. బియ్యం వల్ల లోపలి తడి పోదని, పైగా దుమ్ము చేరుతుందని తెలిసినదాన్నే. తర్వాత మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. అక్కడ మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కానీ ఇచ్చిన సలహా ఏమిటంటే, బాగా ఆరాక ఒకసారి ఆన్ చేసి చూడండి మేడమ్ అని. నీళ్లు పడిన మెషీన్‌ను తెరిచి శుభ్రం చేయకముందు ఆన్ చేయకూడదు. ఈ మాట మీ కంపెనీ నోటి నుంచి రావాలి. అది రాలేదు సరికదా, దానికి పూర్తి వ్యతిరేకమైన మాట వచ్చింది. ఆ కాల్ రికార్డు మీ దగ్గర ఉంటుంది, దయచేసి వినండి.

మీ వాళ్లు చెప్పినట్టే ఆరబెట్టి ఆన్ చేశాను. అప్పుడు ఏది పని చేసింది, ఏది చేయలేదు అన్నది వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీ ఇంజినీర్లు ఈ పని చేయలేదు.

ఫ్యాన్ తిరిగింది, పవర్ లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉంది. గదిలో లైటు ఆపి ఫోన్ టార్చ్‌ను తెర మీదికి ఏటవాలుగా పట్టుకుంటే, లోపల విండోస్ లాగిన్ బొమ్మ మసగ్గా కనిపించింది. అంటే తెర మీద బొమ్మ వస్తోంది, వెనక నుంచి వెలగాల్సిన బ్యాక్‌లైట్ మాత్రం వెలగడం లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి ఇంట్లో టీవీకి కలిపితే బొమ్మ శుభ్రంగా వచ్చింది. కాబట్టి గ్రాఫిక్స్‌కు దెబ్బ తగల్లేదు. తప్పంతా తెర కేబుల్‌లోనో, దాని కనెక్టర్‌లోనో, బ్యాక్‌లైట్‌కు కరెంటు ఇచ్చే చిన్న ఫ్యూజ్‌లోనో ఉండాలి. కీబోర్డులో కుడిపక్క అంకెల మీటలు కొన్ని పని చేయలేదు. యూఎస్‌బీ కీబోర్డు పెడితే అన్నీ సవ్యంగా పడ్డాయి. చార్జర్ పెడితే మెషీన్ నడిచింది కానీ బ్యాటరీ దగ్గర "ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్" అనే చూపించింది. వైఫై పట్టింది, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకుంది. ఆ నెల జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను, గడువు 11వ తేదీ కాబట్టి, టీవీనే తెరగా పెట్టుకుని అందరి రిటర్నులూ ఆ మెషీన్ మీదే వేశాను, డేటా అంతా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను.

ఇంత పని చేసిన మెషీన్‌లో ప్రాసెసర్, ర్యామ్, డేటా ఉండే ఎస్ఎస్‌డీ బాగున్నట్టే కదా. పాడైనవి మూడు చోట్ల: కీబోర్డు, తెర వెలుగు, బ్యాటరీ చార్జింగ్. ఇదంతా చెప్పడానికి నేను ఇంజినీరింగ్ చదవలేదు. ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూశాను, అంతే.

శ్రీకాకుళం టౌన్‌లో ఉన్న మీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి ఇవన్నీ చెప్పాను. కౌంటర్‌లో అబ్బాయి నా ముందే ఆన్ చేసి చూసి, జాబ్ షీట్‌లో "పవర్ ఆన్ - ఓకే, డిస్‌ప్లే, కీబోర్డ్, చార్జింగ్ సమస్య" అని రాశాడు. తర్వాత వెనక మూత విప్పి, లోపల నీరు తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ చూపించి, "ఇది ఎర్రగా అయిపోయింది మేడమ్, లిక్విడ్ డ్యామేజ్" అన్నాడు. నీళ్లు పడ్డాయని నేనే చెప్పాను కదా! ఆ స్టిక్కర్ చెప్పేది నీరు తగిలిందన్న ఒక్క సంగతే. ఏ భాగం పాడైంది, ఏది బాగుంది అన్నది అది చెప్పదు. అది మీటర్ పెట్టి చూసేవాళ్లు చెప్పాలి. ఆ అబ్బాయి బోర్డు ఫోటోలు తీసి రికార్డు కోసమని నాకూ వాట్సాప్‌లో పంపాడు. ఆ ఫోటోలే ఈ ఫిర్యాదుకు ప్రాణం, వాటి సంగతి కింద రాస్తాను.

ఆ తర్వాత వారాలు గడిచాయి. పార్ట్ రావాలన్నారు, అప్రూవల్ రావాలన్నారు, విశాఖపట్నం నుంచి ఇంజినీర్ రావాలన్నారు. పలాస నుంచి శ్రీకాకుళం దగ్గర కాదు. టెక్కలి, నరసన్నపేట మీదుగా బస్సులో వెళ్లి రావడమంటే ఆ రోజు పని మొత్తం పోయినట్టే. ఇరవయ్యో తారీఖున జీఎస్టీఆర్-3బీ, అంటే పన్ను కట్టే రిటర్ను, గడువు ఉంటుంది. దాటితే పన్ను కట్టాల్సినవాళ్లకు రోజుకు 50 రూపాయలు లేట్ ఫీజు, పైన వడ్డీ. అది నా క్లయింట్ల జేబులోంచి పోతుంది, మాట నాకు వస్తుంది. ఆ టెన్షన్‌లో వేరే లాప్‌టాప్ అద్దెకు తెచ్చుకుని నెట్టుకొచ్చాను.

చివరికి వచ్చిన ఎస్టిమేట్ ఒక్క వరుస: "లిక్విడ్ డ్యామేజ్ - మదర్‌బోర్డ్, డిస్‌ప్లే, కీబోర్డ్, బ్యాటరీ మార్చాలి." దాదాపు కొత్త లాప్‌టాప్ ధర. ఏ చోట ఎంత వోల్టేజీ వచ్చింది, ఏది షార్ట్ అయింది, ఏ పరీక్ష చేశారు అని అడిగితే, "అవన్నీ కస్టమర్‌కు ఇవ్వం మేడమ్" అన్నారు. బోర్డు మార్చితే ఎస్ఎస్‌డీలోని డేటాకు తాళంలా ఉండే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుందని, అది నా దగ్గర ఉందో లేదో చూసుకోమని కూడా ఎవరూ చెప్పలేదు. ప్లాన్ కింద చేయమన్నాను. క్లెయిమ్ తిరస్కరించి మెషీన్ తిరిగి ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే అది అసలు లేవలేదు.

కాశీబుగ్గలో ఫోన్లు, లాప్‌టాప్‌లు బాగుచేసే ఒక తమ్ముడి దగ్గరికి తీసుకెళ్లాను. రిపేరు చేయొద్దు, చూసి చెప్పు చాలు అన్నాను. అతను మూత విప్పి భూతద్దం కింద పెట్టాడు. బ్యాటరీ కేబుల్ బోర్డుకు తగులుకునే కనెక్టర్ చుట్టూ పచ్చగా, తెల్లగా పొరలు కట్టి ఉంది. కనెక్టర్ కాళ్లలో ఒకటి తినేసి సన్నబడి ఉంది. పక్కనే చార్జింగ్ చిప్ దగ్గర కూడా అదే పొర. మల్టీమీటర్ పెట్టి చూస్తే చార్జర్ నుంచి 19 వోల్టులు జాక్ వరకు వస్తున్నాయి, అక్కడి నుంచి ముందుకు పోవడం లేదు. బటన్ నొక్కకముందే బోర్డులో ఉండాల్సిన 3.3 వోల్టులు, 5 వోల్టులు రెండూ లేవు. "బ్యాటరీ పీకకుండా ఉంచీసారు మేడమ్, అదే కొంప ముంచింది" అన్నాడు.

అప్పుడు మీ సర్వీస్ సెంటర్ మొదటి రోజు పంపిన ఫోటో తీసి అదే చోటు పెద్దది చేసి చూశాం. ఆ కనెక్టర్ శుభ్రంగా ఉంది. కాళ్లన్నీ మెరుస్తూ ఉన్నాయి. పచ్చ లేదు, తెలుపు లేదు, పక్కన ఒక చిన్న నీటి మరక మాత్రం ఉంది. ఆ ఫోటో, కాశీబుగ్గలో అదే చోట తీసిన ఫోటో రెండూ పక్కపక్కన పెట్టి ఈ లేఖకు జతచేశాను. మొదటిది మీ వాళ్లు తీసినదే.

ఆపేసిన లాప్‌టాప్‌లో కరెంటు లేదనుకోవడం పొరపాటు. బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ బోర్డులో కొన్ని చోట్ల వోల్టేజీ ఉంటూనే ఉంటుంది, పవర్ బటన్ నొక్కగానే లేవడానికి. మంచినీళ్లలోనూ లవణాలు ఉంటాయి. ఆ తడి మీద ఆ వోల్టేజీ పడితే లోహం కరిగి ఒక చోటి నుంచి మరో చోటికి పోతుంది, ఆ పచ్చ పొర అలా పుట్టేదే. నీరు ఆరిపోయినా లవణం మిగిలి ఉంటుంది, గాలిలో తేమ తగిలితే మళ్లీ మొదలవుతుంది. మాది సముద్రం పక్క జిల్లా, ఇక్కడ గాలిలో తేమకు కొదవ లేదు. అందుకే నీళ్లు పడిన మెషీన్ రాగానే మొదట బ్యాటరీ కనెక్టర్ విప్పాలి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, ఆరబెట్టి, అప్పుడు మీటర్ పెట్టాలి. బ్యాటరీ విప్పడం మూత తెరిచాక నిమిషం పని. మూత మొదటి రోజే తెరిచారు. ఆ నిమిషం పని చేసి ఉంటే నాకు కీబోర్డు, తెర కేబుల్, చార్జింగ్ రిపేరుతో పోయేది.

మీ తిరస్కరణ మెయిల్‌లో రెండు కారణాలు రాశారు. లోపలి తుప్పు పాతదట. ఆ తుప్పు వయసు ఎంతో పైన చెప్పిన రెండు ఫోటోలే చెబుతాయి. రెండో కారణం చదివి నాకు చాలా బాధ కలిగింది: "తుపాను, వరద వంటి ప్రకృతి వైపరీత్యాల నష్టం ప్లాన్ పరిధిలోకి రాదు." ఆ రోజు పలాసలో చినుకు పడలేదు. గ్లాసు ఒలికిందని జాబ్ షీట్‌లో మీ వాళ్లే రాశారు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో ఏళ్ల తరబడి పెంచుకున్న కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగిపోయాయి. ఆ దెబ్బ ఎలాంటిదో ఇక్కడివాళ్లకు బాగా తెలుసు. చిరునామాలో పలాస అని చూసి ఆ కారణం తగిలించారేమోనని నా అనుమానం. నా క్లెయిమ్ ఫారం ఎవరైనా చదివారా అన్నదే నా ప్రశ్న.

నేను కోరేది ఇది. క్లెయిమ్‌ను మళ్లీ తెరిచి ప్లాన్ ప్రకారం రిపేరు చేయించండి. బోర్డు మార్చాల్సి వస్తే ఆ ఖర్చు మీదే, ఎందుకంటే బోర్డు ఆగిపోయింది మీ దగ్గర. చేసిన పరీక్షలు, వచ్చిన రీడింగులు, ఏ భాగం ఎందుకు మార్చాలో రాసి సంతకంతో నాకు ఇవ్వండి. నా ఎస్ఎస్‌డీని మార్చడం గానీ ఉంచుకోవడం గానీ చేయకూడదు. అందులో నన్ను నమ్మి ఇచ్చినవాళ్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్నాయి. అద్దె లాప్‌టాప్‌కు కట్టిన డబ్బుకు రసీదులు జతచేశాను, ఆ డబ్బు తిరిగి ఇప్పించండి. వీటన్నిటితో పాటు, నీళ్లు పడ్డాయని ఎవరు ఫోన్ చేసినా "ఆన్ చేయకండి, వెంటనే తీసుకురండి" అని చెప్పమని మీ టోల్‌ఫ్రీ సిబ్బందికీ, రాగానే బ్యాటరీ విప్పమని సర్వీస్ సెంటర్లకూ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. నాలాంటివాళ్లు ఇంకా వస్తారు.

కాశీబుగ్గ తమ్ముడు బోర్డు కడిగి ప్రయత్నిస్తానన్నాడు. సాక్ష్యం చెరిగిపోతుందని నేనే వద్దన్నాను. మెషీన్ విప్పిన స్థితిలో ఎలా ఉందో అలాగే కవర్‌లో భద్రంగా ఉంచాను. మీ ఇంజినీర్ ఎవరైనా నా సమక్షంలో పరీక్షించవచ్చు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఆ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడ ఉన్నా నేను నివసించే జిల్లాలోనే వేయవచ్చు.

జాబ్ షీట్, ఎస్టిమేట్, తిరస్కరణ మెయిల్, ప్లాన్ కాగితం, రెండు ఫోటోలు, అద్దె రసీదుల నకళ్లు ఈ లేఖతో స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
పలాస.