లెక్కలు వేసేవాడు

నేపర్‌విల్, ఆదివారం

అక్కా,

బావగారూ, నువ్వూ, పిల్లలూ, అమ్మా అందరూ క్షేమమని తలుస్తాను. మొన్న ఫోన్లో "నీకేం తక్కువైందిరా, డబ్బులిచ్చి మరీ ఎవరితోనో చెప్పుకోవడానికి?" అన్నావు. అమ్మ పక్కనే ఉందని మాట మార్చేశాను. ఇది నువ్వొక్కదానివే చదువుకో.

నాకు పిచ్చేం పట్టలేదు. ఉద్యోగం బాగానే ఉంది. కానీ రాత్రి ఏ రెండింటికో మెలకువ వస్తుంది. బ్యాంకు యాప్ తెరిచి ఎంతుందో చూసుకుంటాను. జీతం పడిన రోజైనా అంతే. ఇంటి లోను, పిల్లాడి చదువు, అమ్మ మందులు, అన్నీ ఒక కాగితం మీద కూడుతూ తెల్లవారేదాకా కూర్చుంటాను. నీ మరదలే పోరు పెట్టి, మనసులో బాధలు విని సర్దే థెరపిస్ట్ ఒకావిడ దగ్గరికి పంపించింది.

అక్కడ ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ అనే పద్ధతిలో చేస్తారు. రిచర్డ్ ష్వార్ట్జ్ అనే ఆయన 1980లలో ఇక్కడే, షికాగోలో మొదలుపెట్టాడు. ఆయన కుటుంబాల గొడవలు సర్దే థెరపిస్ట్. అతిగా తినేసి కక్కేసుకునే జబ్బున్న వాళ్ళు, తమలో ఒకరు తినమంటారనీ ఇంకొకరు తిడతారనీ చెబుతుంటే, ఆ మాటల్ని కొట్టిపారేయకుండా విన్నాడు. ఇంట్లో మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించినట్టే లోపలివాళ్ళనీ మాట్లాడించవచ్చని ఆయనకు తోచింది. వాళ్ళలో మేనేజర్లుంటారు, ఏ ముప్పూ రాకుండా ముందే జాగ్రత్త పడేవాళ్ళు. ఫైర్‌ఫైటర్లుంటారు, బాధ పైకి తన్నుకొచ్చాక తాగించో, అర్ధరాత్రిదాకా ఫోన్ చూపించో దాన్ని అణిచేసేవాళ్ళు. వీళ్ళిద్దరూ కలిసి దాచిపెట్టే చిన్నపిల్లలు ఇంకొందరు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదన్నది ఈ పద్ధతికి పునాది. నాకు మొదట్లో ఇదంతా బొమ్మలాటలాగే అనిపించింది.

ఒకరోజు మా థెరపిస్ట్ ఆవిడ కళ్ళు మూసుకోమని, "ఆ లెక్కలు వేసేవాడు ఒంట్లో ఎక్కడున్నాడో చూడండి" అంది. నవ్వొచ్చింది. తీరా చూస్తే నిజంగానే ఉన్నాడు, మెడ వెనక, బిర్రుగా.

"వాడి మీద మీకేమనిపిస్తోంది?"

"చిరాకు. వాడివల్లే నాకు నిద్ర లేదు."

ఆ చిరాకు పడేవాడు కూడా ఇంకొకడేనట! వాణ్ణి కాసేపు పక్కన కూర్చోమని అడగమంది. అడిగాను. మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి జాలి అని చెప్పలేను గానీ, వీడెందుకిలా చేస్తున్నాడో తెలుసుకోవాలనిపించింది. అలా నెమ్మదిగా చూడగలిగేదాన్ని వీళ్ళు సెల్ఫ్ అంటారు. అది ప్రతి మనిషిలోనూ ఉంటుందట, ఎంత దెబ్బ తిన్నా చెడదట. మన వేదాంతంలో సాక్షి అనేది ఇదేనేమో. నాన్న ఉంటే ఈ ఒక్క విషయం మీద రాత్రంతా వాదించేవాడు.

"లెక్కలు మానేస్తే ఏమవుతుందని వాడి భయం?" అంది.

కాసేపు ఏమీ తోచలేదు. తర్వాత మన స్కూలు వరండా కనిపించింది. ఎర్ర గచ్చు, కిటికీ ఊచలు. ఫీజు కట్టనివాళ్ళని బయట నిలబెట్టిన రోజు. చేతిలో ఫీజు కార్డు, చెమటకి దాని అంచు మెత్తబడిపోయింది. లోపల టీచరు పాఠం చెప్పడం వినిపిస్తోంది, బోర్డు మాత్రం కనపడదు. నాన్న పనిచేసే మిల్లు మూతపడిన ఏడాది అది. "మళ్ళీ అక్కడ నిలబడాల్సొస్తుంది" అని నా నోట్లోంచే వచ్చింది, నా గొంతులా మాత్రం లేదు.

"మీకిప్పుడు ఎన్నేళ్ళనుకుంటున్నాడో అడగండి" అంది.

పన్నెండు. ఆలోచించకుండానే వచ్చేసింది అక్కా. నా గడ్డం నెరిసిందనీ, నాకో ఇల్లుందనీ వాడికి తెలియనే తెలియదు. ఇన్నేళ్ళూ పన్నెండేళ్ళ పిల్లాడికి కాపలా కాస్తున్నాడు. "చెప్పండి మరి" అంది ఆవిడ. చెప్పాను. ఏడ్చాననుకో.

అప్పటినుంచీ బ్యాంకు యాప్ తెరవడం లేదని చెప్పను. తెరుస్తాను. కానీ కాగితం దాకా పోవడం లేదు, పడుకుంటున్నాను. చివర్లో ఆ పిల్లాడు మోస్తున్న బరువుని నీళ్ళకో, గాలికో, నిప్పుకో ఇచ్చేసినట్టు ఊహించుకోమంటారు. నిప్పు అనగానే మద్రాసు పెరంబూరులో భోగి పొద్దున టైర్లు తగలబెట్టిన పొగ గుర్తొచ్చి దగ్గు వచ్చినంత పనైంది. అది నాకింకా కుదరలేదు.

నువ్వు వెంటనే అమ్మ కీళ్ళవాతం గురించి అడుగుతావని తెలుసు. ఆ జబ్బున్న 79 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి తొమ్మిది నెలలు ఈ పద్ధతి నేర్పి చూశారు. వాళ్ళకి నొప్పి కొంత తగ్గిందని 2013లో అచ్చయింది. కానీ అది చిన్న పరిశోధన, దీని మీద పెద్దవి ఇంకా అంతగా రాలేదు. అమ్మ మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు. ఇక పాప నీట్ టెన్షన్‌తో అన్నం మానేస్తోందన్నావు కదా, మనసులో బాధ ఫోన్లో చెప్పుకోవడానికి ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ ఉంది, నంబరు 14416, ఖర్చేం లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ముందు పాపని "నీకేం తక్కువ" అనకు.

ఇంకొక సంగతి. నన్ను రెండు రోజులు బయట నిలబెట్టి, మూడో రోజు లోపలికి రానిచ్చారు. ఫీజు ఎలా కట్టారో నేనెప్పుడూ అడగలేదు. అమ్మతో సేటు కొట్టుకి వెళ్ళింది నువ్వేనని చిన్నత్త ఒకసారి నోరు జారింది. అప్పటికి నీకు పదిహేను. ఇప్పటికీ ఇంట్లో రెండు బస్తాల బియ్యం లేకపోతే నీకు తోచదని బావగారు ఎగతాళి చేస్తుంటారు, నేనూ నవ్వేవాణ్ణి. సేటు ఏమన్నాడు? అమ్మ దార్లో నీతో ఏమైనా మాట్లాడిందా? చెప్పాలని లేకపోతే వద్దు. ఆ గాజులు తర్వాత విడిపించారా, పోయినట్టేనా, అదొక్కటైనా రాయి.

నీ తమ్ముడు,
చిన్నా